ఎంత దూరమో అడగని భాష: ఫ్రెంచి నిర్దేశకాలు, తెలుగు విద్యార్థి

భాష నేర్పడంలోనే జీవితం గడిపినవారి పేర జరిగే ఉపన్యాసంలో భాషలోని అతి చిన్న మాటల గురించి మాట్లాడడం తప్పు కాదనుకుంటాను. ఫ్రెంచిలో వేలెత్తి చూపే మాటలు కొన్ని ఉన్నాయి. నామవాచకం ముందు నిలిచేవి స, సెత్, సే. నామవాచకానికి బదులుగా నిలిచేవి సలుయి, సెల్, సో. ఏ నామవాచకంతోనూ పని లేకుండా నిలిచేవి స, ససి, సలా, సా. మొదటివాటిని వ్యాకరణాలు నిర్దేశక విశేషణాలంటాయి, మిగతావాటిని నిర్దేశక సర్వనామాలంటాయి. ఫ్రెంచి అచ్చులకు తెలుగు లిపి పూర్తిగా లొంగదు. ‘స’ అని రాసినచోట పెదవులు కాస్త గుండ్రంగా చుట్టి పలికే పొట్టి అచ్చు అనుకోండి. ముక్కుతో పలికే అచ్చులకు మాత్రం మనం మూలన పడేసిన అరసున్న చక్కగా అక్కరకొస్తుంది. తెలుగు విద్యార్థి ఈ మాటల పట్టికను సులువుగానే వల్లె వేస్తాడు. వాక్యం రాయమన్నప్పుడు తడబడతాడు. ఆ తడబాటుకు జ్ఞాపకశక్తిని నిందించి లాభం లేదు. పట్టిక ముందు కూర్చుని మనం వేసే ప్రశ్నలోనే పొరపాటు ఉందని నా వాదన. ‘ఇది దగ్గరా, దూరమా?’ అని ఆ మాటలను అడుగుతాం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఫ్రెంచి కొన్ని వందల ఏళ్ల కిందటే మానుకుంది.

మొదట మన ఇంటి సంగతి చూద్దాం. ఆ, ఈ, ఏ అనే మూడింటినీ మన వ్యాకరణాలు కలిపి త్రికమన్నాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటికి ప్రత్యేకంగా సంధి ఉంది. ఆ కాలం అక్కాలం, ఈ కాలం ఇక్కాలం కావడం దాని కిందికే వస్తుంది. ఈ మూడు అక్షరాల మీద భాష ఎంత కట్టడం లేపుకుందో లెక్కపెట్టడం మొదలుపెడితే ఆశ్చర్యం వేస్తుంది. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఇంత, అంత, ఎంత. ఇలా, అలా, ఎలా. ప్రథమ పురుష సర్వనామాలని మనం బడిలో నేర్చుకున్న అతను, ఆమె, అది, వాళ్లు సైతం వేలెత్తి చూపే మాటలే. పక్కనే ఇతను, ఈమె, ఇది, వీళ్లు ఉన్నారు. దగ్గర దూరాల ఊసు లేకుండా మూడో మనిషిని చెప్పే మాట మనకు దాదాపుగా లేదు. తను ఉంది గాని దాని పని వేరు. కాబట్టి తెలుగులో ఒక వస్తువును చూపిన ప్రతిసారీ ‘ఈ’ అనో ‘ఆ’ అనో తేల్చుకోక తప్పదు. భాషలు వేరుపడేది అవి ఏం చెప్పగలవన్న దగ్గర కంటే ఏం చెప్పక తప్పదన్న దగ్గరేనని రోమన్ యాకబ్సన్ 1959లో అనువాదం మీద రాసిన వ్యాసంలో వాదించారు. దగ్గరో దూరమో చెప్పక తప్పని భాష మనది. చిన్నప్పటి నుంచీ అలవాటైన ఈ తప్పనిసరిని విద్యార్థి తనకు తెలియకుండానే ఫ్రెంచి తరగతిలోకి మోసుకుపోతాడు.

దీనికి ఇంగ్లీషు తోడవుతుంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో తెలుగు, ఫ్రెంచి ఎదురెదురుగా నిలిచాయి. మిగతా తెలుగు నేల మీద ఫ్రెంచి నేర్చుకునేవారు ఎక్కువమంది ఇంగ్లీషు మెట్టెక్కి అక్కడికి చేరతారు. ఇంగ్లీషులోనూ దిస్ ఒకవైపు, దట్ ఒకవైపు. మాతృభాషా, మధ్యలోని భాషా రెండూ ఒకే సాక్ష్యం చెబుతుంటే మూడో భాష కూడా అలాగే ఉండి తీరాలని అనుకోవడం సహజమే. అందుకే స లివ్ర్ అనే రెండు మాటలు ఎదురైనప్పుడు ‘ఈ పుస్తకమా, ఆ పుస్తకమా?’ అని విద్యార్థి అడుగుతాడు. రెండూ అవుతుంది. చేతిలో ఉన్న పుస్తకమైనా, గది అవతలి అలమారలో ఉన్నదైనా, నిన్న చెప్పుకున్నదైనా ఫ్రెంచివాడికి అది స లివ్ర్. ఈ జవాబు విద్యార్థికి తృప్తినివ్వదు, ఏదో దాచిపెట్టారనిపిస్తుంది. దాంతో స అంటే ఈ అని, దూరం చెప్పాలంటే వెనక ‘అక్కడ’ అనే అర్థమున్న లా తగిలించాలని తనకు తానే ఒక సూత్రం కల్పించుకుంటాడు. సగం తప్పులకు ఆ సూత్రమే పుట్టిల్లు.

ఫ్రెంచి ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. ఇక్కడ చరిత్ర కాస్త విస్తారంగా చూడాలి, ఎందుకంటే నేటి పట్టికలో విచిత్రంగా కనిపించేదంతా అక్కడే తయారైంది. లాటిన్‌లో చూపే మాటలు మూడు వరుసలుగా ఉండేవి: మాట్లాడేవాడి దగ్గరిది హిక్, వినేవాడి దగ్గరిది ఇస్తె, ఇద్దరికీ అవతలిది ఇల్లె. స్పానిష్ ఆ మూడు పొరల పద్ధతిని కొత్త మాటలతో నేటికీ నిలుపుకుంది: ఎస్తె, ఎసె, అకెల్. ద్రావిడ భాషల్లోనూ ఒకప్పుడు మధ్యస్థంగా ‘ఉ’ ఉండేది, పాత తమిళంలో అది కనిపిస్తుంది. తెలుగు దాన్ని వదిలేసి ఆ, ఈలతో సరిపెట్టుకుంది. అంటే పొరలు తగ్గించుకోవడం మనకూ కొత్త కాదు. ఇక లాటిన్ జనం నోళ్లలో ఇల్లె అరిగి అరిగి చూపే శక్తి పోగొట్టుకుని ఫ్రెంచిలో ల, లా అనే ఉపపదంగానూ, ఇల్, ఎల్ అనే సర్వనామాలుగానూ మిగిలింది. చూపే పనికి బలం చాలక దాని ముందు ‘ఇదిగో’ అనే అర్థమున్న ఎక్కె అనే మాటను చేర్చారు. ఎక్కె ఇస్తె కలిసి పాత ఫ్రెంచిలో సిస్త్ అయింది, ఎక్కె ఇల్లె కలిసి సిల్ అయింది. సిస్త్ దగ్గరిది, సిల్ దూరానిది. కొలత దూరం ఒక్కటే కాదనీ, మాట్లాడేవాడు తన పరిధిలోనిదని భావించేది సిస్త్, అలా భావించనిది సిల్ అనీ కొందరు పండితులు సవరణ చెబుతారు. ఏదైనా మన ఈ, ఆలకు దగ్గరి బంధువులే.

ఫ్రెంచిగా మారుతున్న జనభాషకు దొరికే తొలి పత్రం 842 నాటి స్ట్రాస్‌బూర్ ప్రమాణాలు. నితార్ అనే చరిత్రకారుడి లాటిన్ గ్రంథం వాటిని భద్రపరిచింది. అందులో జర్మన్ లూయీ అనే రాజు సేనల ఎదుట నిలిచి, తన తమ్ముడు షార్ల్‌కు అండగా ఉంటానని రొమాన్స్ భాషలో ఒట్టు పెడతాడు. తమ్ముడిని చెప్పేటప్పుడు వాడిన మాట సిస్త్: ఈ నా తమ్ముడు షార్ల్. అతను అక్కడే ఎదురుగా ఉన్నాడు, వేలు చూపితే అందేంత దగ్గర. అదే ప్రమాణంలో ‘ఈ రోజు నుంచి’ అనడానికి మాత్రం ఎక్కె చేరని పాత రూపం ఇస్త్ కనిపిస్తుంది. పాత మాట బలం తగ్గడం, కొత్త బలం తెచ్చుకోవడం రెండూ ఒకే పత్రంలో పక్కపక్కన ఉన్నాయన్నమాట.

పాత ఫ్రెంచిలో సిస్త్, సిల్ రెండూ నామవాచకం ముందు నిలవగలిగేవి, ఒంటరిగానూ నిలవగలిగేవి. తర్వాతి శతాబ్దాల్లో నెమ్మదిగా ఒక పంపకం జరిగింది. ఉమ్మడి ఆస్తిలో పాలు పంచుకున్న అన్నదమ్ముల్లా రెండు వంశాలూ చెరో పని తీసుకున్నాయి. సిస్త్ వంశం నామవాచకం ముందు స్థానం తీసుకుంది. నేటి సెత్, సే ఆ ఇంటివే. సిల్ వంశం నామవాచకానికి బదులు నిలిచే పని తీసుకుంది; నేటి సలుయి, సెల్, సో ఆ ఇంటివి. పంపకం ఒక్క రోజులో తెగలేదు. 1580లో వ్యాసాలు అచ్చువేసిన మొంతేన్ రాతల్లో సెత్తుయి సి అనే రూపం ఇంకా కనిపిస్తుంది, అది మొదటి వంశానికి చెందిన సర్వనామం. 17వ శతాబ్దం ముగిసేసరికి సాహిత్య భాషలో వ్యవహారం తేలిపోయింది. ఈ పంపకంలో పోయినదేమిటో గమనించండి. రెండు వంశాల మధ్య అసలు తేడా దూరం. దాన్ని రద్దు చేసి, ఆ రెండు రూపాలనూ వ్యాకరణం పనికి వాడుకున్నారు. పక్కన నామవాచకం ఉంటే ఒకటి, లేకపోతే మరొకటి. నేటి విశేషణాల పట్టిక, సర్వనామాల పట్టిక రెండు వేర్వేరు పాఠాలుగా నెలల తేడాతో చెప్పడం వల్ల ఈ సంబంధం విద్యార్థికి కనిపించకుండా పోతుంది. ఒకే ప్రశ్నకు రెండు జవాబులవి. ఆ ప్రశ్న: వెంట నామవాచకం ఉందా, లేదా?

నామవాచకం ఉంటే పని సులువు. అది పుంలింగమైతే స, స్త్రీలింగమైతే సెత్, బహువచనమైతే లింగంతో నిమిత్తం లేకుండా సే. పుంలింగ పదం అచ్చుతో మొదలైతే స కూడా సెత్ అవుతుంది: స గార్సొఁ (కుర్రవాడు), కాని సెత్ అమి. రాతలో ఈ పుంలింగ సెత్‌కు చివర ఒక టీ ఉంటుంది, స్త్రీలింగ సెత్‌కు రెండు టీలు, ఆపైన ఒక ఈ. చెవికి రెండూ ఒకటే. స్నేహితుడైనా స్నేహితురాలైనా సెత్ అమి అనే వినిపిస్తుంది. హెచ్ అక్షరంతో మొదలయ్యే మాటలు ఇంకో పేచీ పెడతాయి. ఒమ్ (మనిషి) ముందు సెత్ వస్తుంది, ఎరో (వీరుడు) ముందు స మాత్రమే వస్తుంది. రెండింట్లోనూ హెచ్ పలకదు, అయినా వీరుడి హెచ్ హల్లులా ప్రవర్తిస్తుంది. అది హల్లులా ప్రవర్తించకపోతే బహువచనంలో ‘ఈ వీరులు’ కాస్తా ‘ఈ సున్నాలు’గా వినిపిస్తుందని ఫ్రెంచి ఉపాధ్యాయులు నవ్విస్తూ చెప్పే మాట.

నామవాచకం లేనప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. తెలుగే ఇక్కడ అందరికంటే మంచి గురువు, అయితే ఆ పాఠం ఈ, ఆల దగ్గర దొరకదు. సలుయి ఒంటరిగా నిలవలేని మాట. వెనక సి (దగ్గరిది), లా (దూరానిది) అనే మాటల్లో ఒకటైనా ఉండాలి, ద అనే షష్ఠి లాంటి మాట అయినా ఉండాలి, కి, క లాంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యమైనా ఉండాలి. మన ‘అది’ నిక్షేపంగా ఒంటరిగా వాక్యానికి కర్త కాగలదు, సలుయి కాలేదు. అందుకే సలుయికి తెలుగులో సాటి ‘అది’ కాదు, మాటల చివర అంటుకుని బతికే ‘ది’, ‘వాడు’, ‘వాళ్లు’, ‘వి’. పాల్‌ది అంటే సలుయి ద పోల్. చదివేవాడు అంటే సలుయి కి లి. చదివేవాళ్లు అంటే సో కి లీజ్. నేను కొన్నది అంటే సలుయి క జె అష్తె. క్రియకు వాడు చేర్చి మనిషిని చేయడం, షష్ఠికి ది చేర్చి వస్తువును చేయడం తెలుగువాడు మాటలు వచ్చిన వయసు నుంచీ చేస్తున్న పనే. క్రమం మాత్రం తలకిందులు: మనం వెనక చేర్చేదాన్ని ఫ్రెంచి ముందు పెడుతుంది. ఈ పోలిక పట్టుకున్న విద్యార్థికి సలుయి ఎందుకు ఒంటరిగా నిలవదన్న సందేహమే రాదు. వాడు, ది అనే ప్రత్యయాలు గాలిలో నిలవవని అతనికి తెలుసు.

పోలిక ఎంత మంచిదైనా దాని హద్దు చెప్పకపోతే మోసం చేసినట్టే. తెలుగు ‘ది’ చేసే పనులన్నీ సలుయి చేయదు. ఎర్రది, రెండోది, నాది అన్నప్పుడు ఫ్రెంచి నిర్దేశకాన్ని వాడదు, ఉపపదంతో పని కానిస్తుంది: ల రూజ్, ల దుజియెమ్, ల మియెఁ. కాబట్టి నాది ఒక దారి, పాల్‌ది ఇంకో దారి. మరో హద్దు లింగం. ‘ఈ ఇల్లు చిన్నది, మా అన్నయ్య కట్టించింది పెద్దది’ అనే వాక్యంలో కట్టించింది అన్న మాటకు మనం లింగం గురించి ఆలోచించం. మనకు మహత్తు, అమహత్తు తేడా చాలు. ఇల్లు ఎలాగూ అమహత్తే. ఫ్రెంచిలో ఇల్లు, మెజొఁ, స్త్రీలింగం. కనుక సెల్ రావాలి. కళ్ల ముందు లేని నామవాచకం తన లింగాన్ని, వచనాన్ని సర్వనామంలో వదిలి వెళుతుంది. విశేషణం బహువచనంలో లింగాన్ని పట్టించుకోదు, సే ఒక్కటే చాలు. సర్వనామం మాత్రం సో అనీ సెల్ అనీ అక్కడా పట్టించుకుంటుంది. నామవాచకం పక్కనే ఉన్నప్పుడు దాని లింగం మరోచోట తెలియకపోయినా నష్టం లేదు. అది కనుమరుగైనప్పుడు ఆనవాలు కావాలి. ఈ కారణాన్ని భాషాచరిత్ర నుంచి రుజువు చేయలేను గాని, పాఠం గుర్తుండడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించలేదు.

ఇప్పుడు మూడో వరుస, అన్నింటికంటే సూక్ష్మమైనది. నేను కొన్నది అన్న మాటకు ఫ్రెంచిలో రెండు అనువాదాలున్నాయి. పుస్తకాల ప్రస్తావన నడుస్తుండగా అన్నదైతే సలుయి క. ఏం కొన్నారో ఇంకా ఎవరికీ తెలియనప్పుడు అన్నదైతే స క. ఆయన చెప్పింది నాకు అర్థం కాలేదు అన్నప్పుడు స క తప్ప మరొకటి పనికిరాదు, ఎందుకంటే చెప్పిన దానికి ఇంకా పేరు లేదు. తెలుగు ఒకే ‘ది’తో రెండింటినీ చెప్పేస్తుంది. తెలుగు విద్యార్థులు ఫ్రెంచి వాక్యంలో ఎక్కువగా జారిపడడానికి అనువైన చోటు ఇదేనని నా అంచనా. పోలిక సాయం చేసినంత దూరం చేసి ఇక్కడ చెయ్యి వదిలేస్తుంది. పేరు పెట్టిన వస్తువుకు సలుయి వంశం, పేరు పెట్టని దానికి స, ససి, సలా, సా. ఈ తేడాకు ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒక బొమ్మలో ఉంది. బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిత్ 1929లో పొగాకు పైపు బొమ్మ గీసి, కింద ఇది పైపు కాదు అని ఫ్రెంచిలో రాశాడు. ఆ వాక్యం మొదటి మాట ససి. పైపు ఫ్రెంచిలో స్త్రీలింగం కదా అని సెల్ సి అని రాసి ఉంటే చిక్కే ఉండేది కాదు. సెల్ అన్న క్షణంలో ఏదో ఒక స్త్రీలింగ నామవాచకాన్ని ఒప్పేసుకున్నట్టే: ఈ పైపు అనో, ఈ బొమ్మ అనో (బొమ్మను చెప్పే ఇమాజ్ కూడా స్త్రీలింగమే). ససి ఏదీ ఒప్పుకోదు. అది చూపేది బొమ్మనా, పైపునా, ఆ వాక్యాన్నేనా అని మిషెల్ ఫూకో తర్కించి, 1973లో ఆ వాక్యమే పేరుగా ఒక చిన్న పుస్తకం వేశారు. తెలుగులో ‘ఇది’ ఆ వాక్యాన్ని మోయగలదు. అయితే మన ‘ఇది’ పేరున్నదాన్నీ పేరులేనిదాన్నీ ఒకేలా చూపుతుంది కనుక, పేరు పెట్టడానికి చిత్రకారుడు నిరాకరించాడన్న సంగతి తెలుగు పాఠకుడికి అందదు. సలా అరిగి సా అయిన రూపం రోజువారీ మాటల్లో సర్వవ్యాపి, కుశలప్రశ్న నుంచి కోపం దాకా. మనసులోని పేరులేని అడుగు పొరకు ఫ్రాయిడ్ పెట్టిన జర్మన్ మాటను ఫ్రెంచివారు ‘ల సా’ అని అనువదించుకున్నారు. ఇంతకంటే తగిన మాట వాళ్లకు దొరికేది కాదు.

వీడు డాక్టరు, ఇతను డాక్టరు, ఈయన డాక్టరు అనే వాక్యాలు పేరున్నదానికీ పేరులేనిదానికీ ఉన్న ఈ తేడాను ఇంకో వైపు నుంచి చూపుతాయి. ఎవరీయన అన్న ప్రశ్నకు జవాబు సెతెఁ మెద్సెఁ. మనిషి ఎవరో ఇంకా తేలలేదు, చూపి గుర్తించడం జరుగుతోంది. గుర్తించిన మనిషి గురించి వృత్తి చెప్పడమైతే ఇలె మెద్సెఁ, ఉపపదం కూడా ఉండదు. ఇందులో మన వాళ్లకు ఇబ్బంది కలిగించేది మర్యాద. మనుషులను తటస్థమైన మాటతో చెప్పడం తెలుగులో మొరటు. మా మాస్టారు అని పరిచయం చేస్తూ ‘ఇది’ అంటే కొంప మునుగుతుంది. ఫ్రెంచిలో సె మొఁ ప్రొఫెసర్ అన్నా తప్పు లేదు, వ్వాసి (ఇదిగో) మొఁ ప్రొఫెసర్ అన్నా తప్పు లేదు. మనం వీడు, ఇతను, ఈయన, వీరు అని చూపే మాటల్లోనే మెట్లు కట్టుకున్నాం. ఫ్రెంచి మర్యాదను తు, వూ అనే మధ్యమ పురుషలో పెట్టుకుంది. అయితే ఎదురుగా ఉన్న మనిషిని సలుయి లా అనడం మాత్రం అక్కడా పొగరుగానే వినిపిస్తుంది.

ఇక్కడికి వచ్చేసరికి గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. దూరం పోయిందన్నారు, మరి సి, లాలు ఎందుకున్నాయి? స లివ్ర్ సి అంటే ఈ పుస్తకం, స లివ్ర్ లా అంటే ఆ పుస్తకం అని ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది కదా? ఉంది. రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి ఎంచుకోమన్నప్పుడు ఆ వివరణ నిజం కూడా. కాని మన ఈ, ఆలు తప్పనిసరి. సి, లాలు అవసరమైతే తగిలించుకునేవి. వాటిని వదిలేసిన వాక్యం అసంపూర్ణం కాదు. అవి ఉన్నా దూరం కొలతకు నమ్మదగ్గ సాక్షులు కావు. లా సంగతే చూడండి. లా అంటే అక్కడ అని నేర్పుతాం. కాని ఫోనెత్తి జ స్యుయి లా అన్న ఫ్రెంచి మనిషి తానెక్కడో దూరాన ఉన్నానని చెప్పడం లేదు, ఉన్నాను, అంతే. ఇల్ నె పా లా అంటే ఆయన లేరు. తెలుగులో చోటు చెప్పకుండా ఉన్నాడు, లేడు అని మనం అనే మాటకు ఇది సరిగ్గా అతుకుతుంది. వ్వాసి దగ్గరిది, వ్వాలా దూరానిది అనే పాత తేడా కూడా మాటల్లో చెరిగిపోయి వ్వాలా అంతటా తానే అయి కూర్చుంది. దగ్గర ఉన్న రెండింటిలో ఒకదాన్ని చూపుతూ కూడా సలుయి లా అనేవారే ఎక్కువ. ఒక్క విషయం ఒప్పుకోవాలి. కాలం దగ్గర ఈ జంట తన పాత పని చేస్తూనే ఉంది. స జూర్ లా అంటే గడిచిపోయిన ఆ రోజు, సే జూర్ సి అంటే ఈ మధ్య. స్థలంలో సడలిన తేడా కాలంలో బిగువుగా ఉంది. నా వాదనకు ఇది కొంత లోటు, కాని స్థలం విషయంలో దాన్ని పడగొట్టేంత లోటు కాదు.

ఇంకొకరు ఎదురు దిక్కు నుంచి రావచ్చు: తెలుగులో మాత్రం ఈ, ఆలు దూరం గురించేనా? ఆ మనిషి మళ్లీ వచ్చాడు అన్నప్పుడు మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది ఎవరికి కావాలి. మనిద్దరికీ తెలిసినవాడని కదా అర్థం. నిజమే. కార్ల్ బ్యూలర్ 1934లో భాషాసిద్ధాంతం మీద రాసిన గ్రంథంలో కళ్లెదుట చూపడం, మాటల్లో ముందు వచ్చినదాన్ని చూపడం, ఊహలో ఉన్నదాన్ని చూపడం అని మూడు విధాలు గుర్తించారు. మన ఆ అనే అక్షరం మూడూ చేస్తుంది. కాని ఈ అభ్యంతరం నా వాదనకు బలమే చేకూరుస్తుంది. ఇద్దరికీ తెలిసినదన్న అర్థంలో మనం ‘ఆ’ అన్నచోట ఫ్రెంచి తరచు నిర్దేశకాన్నే వాడదు. ఆ పుస్తకం ఇవ్వు అన్నది చాలా సందర్భాల్లో ల లివ్ర్ మాత్రమే, ఒకప్పటి ఇల్లె అరిగిపోయి మిగిలిన ఉపపదం. ఉపపదం లేని భాష నుంచి వెళ్లిన విద్యార్థి ప్రతి ‘ఆ’కూ ఒక స తగిలించుకుంటూ పోతే, వాక్యం తప్పు కాకపోయినా, ఊరికే వేలు చూపుతున్నట్టు వినిపిస్తుంది. దూరం ప్రశ్న వదిలేసినవాడికి ఈ తేడా కనబడుతుంది. ఆ అంటే దూరం, దూరం అంటే స, వెనక లా అనుకున్నవాడికి కనబడదు.

ఫ్రెంచి పిల్లలు సిస్త్, సిల్‌ల చరిత్ర చదవకుండానే ఈ మాటలు నేర్చుకుంటున్నారు కదా, మనకెందుకీ తవ్వకం అన్నది మూడో అభ్యంతరం. పిల్లలు చెవితో నేర్చుకుంటారు, వాళ్లకు పాత అలవాటు వదిలించుకోవలసిన పని లేదు. అలాగని వాళ్ల దారి నిష్కంటకమని అనుకోకండి. ఈ పిల్లలు అనడానికీ తన పిల్లలు అనడానికీ ఫ్రెంచిలో ఒకటే శబ్దం, సే. రాతలో ఒకటి సీ అక్షరంతో, మరొకటి ఎస్‌తో మొదలవుతుంది. దానికి దగ్గరగా పలికే సె కూడా రెండు మూడు రకాలుగా రాయవలసి వస్తుంది. ఫ్రాన్సులో బడి పిల్లల నోటు పుస్తకాల్లో ఇవి పేరుపడ్డ తప్పులు. మనవాళ్లు ఈ తప్పు అంతగా చేయకపోవచ్చు. అచ్చులో చూసి నేర్చుకున్నవాడికి రాత ముందు వస్తుంది, చెవి తర్వాత. ఎవరి తప్పులు వారివి, వాటికి మందులూ వేరు. విదేశీ విద్యార్థికి చరిత్ర అలంకారం కాదు. ‘ఎంత దూరం’ అనే ప్రశ్న ఇక్కడ ఎందుకు చెల్లదో నమ్మించగల ఒకే సాక్ష్యం అది. నమ్మకం కలగకపోతే పట్టిక పక్కన పాత ప్రశ్నే వచ్చి కూర్చుంటుంది.

సి, లాలు నిజంగా పదునుగా పనిచేసేది రాతలో. ఇద్దరి ప్రస్తావన వచ్చిన తర్వాత సలుయి సి అంటే వాక్యంలో చివర పేరు వచ్చినవాడు, సలుయి లా అంటే ముందు వచ్చినవాడు. ఇక్కడ కొలిచేది కాగితం మీది దూరం, వెనక్కి తిరిగి చూసే కంటికి ఏ పేరు ముందు తగులుతుందన్నది. రాజూ మంత్రీ అన్న వాక్యం తర్వాత సలుయి సి మంత్రి, సలుయి లా రాజు. తెలుగులో ఇతను, అతను అని రాసి చూడండి: ఎవరు ఎవరో తేలదు, పైగా ఎవరో ఎదురుగా నిలబడినట్టు ఉంటుంది. మొదటివాడు, రెండోవాడు అంటే తేలుతుంది గాని వాక్యం లెక్కల పుస్తకంలా అవుతుంది. ఫ్రెంచి నవలను తెలుగు చేసేవారు ఇలాంటిచోట సర్వనామాన్ని వదిలేసి రాజు అని, మంత్రి అని పేర్లే మళ్లీ రాయడం మేలు.